కయాక్ ఊగిపోతోంది, అడుగున ఇసుక సంచి వేస్తే కుదురుకుంటుందా?

గట్టుమీద_గోపన్న

ఉద్యోగం మారి ఊరు వదిలి వెళ్తున్న స్నేహితుడి దగ్గర పాత కయాక్ ఒకటి కొన్నాను. లోపలికి కాళ్లు చాపుకుని కూర్చునే రకం. పది అడుగుల పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు, 22 కిలోల బరువు. నేను ఆరడుగుల మనిషిని, 88 కిలోలు. మూడు ఆదివారాలుగా మా ఊరి చెరువులో నేర్చుకుంటున్నాను. ఇంతవరకు బాగా వచ్చింది బోల్తా పడటం ఒక్కటే. మొన్న ఆదివారం నేను వెళ్లేసరికే గేదెలు కాసే పిల్లలు గట్టు మీద మంచి చోటు చూసుకుని కూర్చున్నారు.

ఎక్కి కూర్చోగానే ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి వణుకుతుంది. తెడ్డు వేయడం మాట అటుంచి, ముక్కు మీద దోమ వాలితే తోలుకోవడానికి కూడా ధైర్యం చాలడం లేదు.

నాకు తోచిన ఉపాయం ఇది. తంజావూరు బొమ్మ అడుగున బరువు ఉంటుంది కాబట్టే కదా ఎటు తోసినా లేచి నిలబడుతుంది! అలాగే సిమెంటు సంచిలో 15 కిలోల ఇసుక నింపి సీటు వెనక పడేస్తే పడవ కుదురుకోదా? ఎవరైనా చేసి చూశారా? ఎంత వేయాలి, ఎక్కడ వేయాలి?

వికారాబాద్_వాన

వేయండి. తేడా తప్పకుండా తెలుస్తుంది. రాత్రి బసకు గుడారం, వంట సామాను, తాగునీళ్లు అన్నీ వేసుకుని వెళ్లినప్పుడు నా కయాక్ బండరాయిలా కదలకుండా ఉంటుంది. మరుసటి రోజు ఖాళీగా తిప్పితే అదే పడవ తాటాకులా ఊగుతుంది. బ్యాలస్ట్ (పడవ కుదురు కోసం వేసే బరువు) మహిమ అంతా ఇంతా కాదు.

పట్టాలపక్క_ఇల్లు

బ్యాలస్ట్ అంటే రైలు పట్టాల కింద పోసే కంకర అనే ఇన్నేళ్లూ అనుకున్నాను. పడవల్లో కూడా పోస్తారా? మా ఇంటి ముందు కావలసినంత ఉంది, లారీ తెచ్చుకోండి.

సియాటిల్_చినుకు

కంకర మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నాను, ఇది నవ్వుకునే కథ కాదు.

నాలుగేళ్ల కిందట మాతో వచ్చిన ఒకాయన అచ్చం గోపన్న గారిలాగే ఆలోచించి, గోనెసంచిలో గులకరాళ్లు నింపి సీటు వెనక పెట్టుకున్నాడు. కట్టలేదు. పక్కనుంచి మోటారు బోటు ఒకటి వెళ్లింది, దాని అలకు కయాక్ కొంచెం ఒరిగింది. మామూలుగా అయితే తిరిగి లేచేదే. కానీ సంచి కూడా ఒరిగిన వైపే జారింది. ఇక లేవలేదు. మనిషి నీళ్లలో పడ్డాడు, పడవ నిండింది, సంచి ఈసారి తోక వైపు జారింది. ఆ పడవలో వెనక గాలి సంచి గానీ, నీరు చొరబడని అడ్డుగోడ గానీ లేదు. తోక మునిగి, ముక్కు ఆకాశం వైపు లేచి నిట్టనిలువుగా నిలబడింది. నిలబడ్డ పడవలోంచి నీళ్లు తోడటం ఎలాగో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

ఇక్కడి నీళ్లు వసంతకాలంలో 10 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఆయనను ఒడ్డుకు చేర్చేసరికి పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. తర్వాత లైఫ్ జాకెట్ బకిల్ విప్పబోతే వేళ్లు మాట వినలేదు, నేనే విప్పాను.

బరువు వేయకూడదని అనడం లేదు. కట్టని బరువు వేయకూడదు, రాయీ ఇసుకా వేయకూడదు. వేసేదైతే నీళ్లే వేయండి.

గట్టుమీద_గోపన్న

నీళ్లలో తేలే పడవలో మళ్లీ నీళ్లా? అదేం వింత?

సియాటిల్_చినుకు

వింత కాదండీ, అందులోనే కిటుకు ఉంది. నీళ్లు నింపిన సీసా నీళ్లలో మునిగితే దానికి బరువు ఉండదు. పడవ నిండినప్పుడు మీ 15 లీటర్ల నీళ్లు పడవను కిందికి లాగవు. అదే 15 కిలోల ఇసుక అయితే, మునిగాక కూడా 9 కిలోలకు పైగా కిందికి లాగుతూనే ఉంటుంది. సీసం దిమ్మ అయితే బరువులో పదో వంతు కూడా తగ్గదు. పైగా నీళ్లయితే ఒడ్డుకు వచ్చాక పారబోసుకుని తేలికగా ఎత్తుకోవచ్చు. దాహం వేస్తే తాగవచ్చు కూడా. ఇసుకతో ఏం చేస్తారు?

బిర్యానీ_నావికుడు

నేను ప్రతి ఆదివారం మధ్యాహ్నం బ్యాలస్ట్ వేసుకుంటాను. ఆవకాయ కలిపిన అన్నం ఉన్న రోజు ఇంకాస్త ఎక్కువ.

లెక్కల_మాస్టారు

బిర్యానీ గారి బ్యాలస్ట్ నీటిమట్టానికి పైన ఉంటుంది కాబట్టి అది బ్యాలస్ట్ కాదు, దానికి వ్యతిరేకం. సరదాకు అనడం లేదు, అసలు సంగతి అక్కడే ఉంది.

గోపన్న గారూ, తంజావూరు బొమ్మలో బరువంతా అడుగు మట్టిలోనే ఉంటుంది. పైన తల, ఒళ్లు కాగితపు గుజ్జుతో చేసినవి, ఉఫ్ అంటే ఎగిరేంత తేలిక. మీ పడవలో సంగతి తలకిందులు. 22 కిలోల పడవ కింద, 88 కిలోల మనిషి పైన.

ఇప్పుడు లెక్క. అడుగున బరువు పెడితే మొత్తం గురుత్వ కేంద్రం కిందికి దిగుతుంది, నిజమే. అందరూ అక్కడితో ఆగిపోతారు. కానీ ఆ బరువుకు పడవ కూడా నీటిలోకి కాస్త దిగుతుంది. రెండూ కలిపి చూస్తే, పక్కలు నిలువుగా ఉన్న పడవకు తేలేది ఇదే: మీరు పెట్టిన బరువు నీటిమట్టానికి ఎంత కిందుగా ఉందో, లాభం అంతే. సరిగ్గా నీటిమట్టం దగ్గర పెడితే లాభం సున్నా. దానికి పైన పెడితే నష్టం.

మీ పడవ మీతో కలిపి 12 సెంటీమీటర్లు నీటిలో దిగుతుందనుకుందాం. ఇసుక సంచిని పరిచి పెడితే దాని నడిమధ్య అడుగు నుంచి 4 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. అంటే నీటిమట్టానికి 8 సెంటీమీటర్లు కింద. 15 కిలోలను 8తో గుణిస్తే 120. ఇక ఇసుక పక్కన పెట్టి, మీ సీటునే 4 సెంటీమీటర్లు దించారనుకోండి. 88ని 4తో గుణిస్తే 352. పైసా ఖర్చు లేదు, లాభం దాదాపు మూడు రెట్లు.

ఇంతకీ మీ సీటు అడుగు నుంచి ఎంత ఎత్తులో ఉంది?

వికారాబాద్_వాన

మాస్టారూ, లెక్కలు కాగితం మీద బాగుంటాయి. నేను పడవలో కూర్చున్నవాణ్ని. సామాను వేస్తే కుదురుగా ఉంటుంది, తీస్తే ఊగుతుంది. దీనికి మీ లెక్క ఏమంటుంది?

లెక్కల_మాస్టారు

మీరు చెప్పేది కూడా నిజమే, కాదనను. రెండు కారణాలు. చాలా కయాక్‌ల పక్కలు నిలువుగా ఉండవు, పైకి వెళ్లే కొద్దీ బయటికి విచ్చుకుంటాయి. బరువుకు పడవ దిగితే నీటిమట్టం దగ్గర వెడల్పు పెరుగుతుంది. ఆ వెడల్పుకు ఉన్న శక్తి అంతా ఇంతా కాదు, వెడల్పు ఘనం లెక్కన (వెడల్పును దానితోనే మూడుసార్లు గుణించినట్టు) పెరుగుతుంది. వెడల్పు పదో వంతు పెరిగితే నిలదొక్కుకునే బలం మూడో వంతు పెరుగుతుంది. అదే పొడవు పదో వంతు పెంచితే లాభం కూడా పదో వంతే.

రెండోది, బరువైన పడవ నెమ్మదిగా ఊగుతుంది. ఒరగడానికి ఎక్కువ సమయం తీసుకుంటే మీకు సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. మనసుకు అది కుదురుగా అనిపిస్తుంది. పైగా మీరు వేసుకున్నది 30, 40 కిలోలు ఉండి ఉంటుంది, 15 కాదు.

వికారాబాద్_వాన

నిజమేనని ఒప్పుకున్నారు కదా, అది చాలు.

రుషికొండ_కెరటం

మీరంతా చెరువు గురించి మాట్లాడుతున్నారు. సముద్రంలో మరీ కుదురుగా ఉండే పడవే ప్రమాదం. అడుగు బల్లపరుపుగా ఉండి గట్టిగా నిలిచే కయాక్ ఎప్పుడూ నీటి ఉపరితలానికి సమంగా ఉండాలని చూస్తుంది. చెరువులో నీరు సమంగా ఉంటుంది కాబట్టి మీరూ నిటారుగా ఉంటారు. పక్కనుంచి అల వచ్చిందనుకోండి, నీరు ఏటవాలుగా ఉంటుంది, పడవ కూడా ఆ వాలుకే ఒరుగుతుంది, దానితోపాటు మిమ్మల్నీ ఒరగదోస్తుంది. అడుగు గుండ్రంగా ఉన్నది మొదట్లో వణికిస్తుంది గానీ, అల కిందనుంచి వెళ్లిపోతే మీరు నిటారుగానే ఉంటారు.

మొదటి క్షణంలో ఊగడం వేరు, చివరికి పడిపోవడం వేరు. ఊగే పడవలన్నీ పడేసేవి కావు. గోపన్న గారికి కావలసింది ఇసుక కాదు, నడుము వదులు చేయడం. నడుముకు పైన మనిషి, నడుముకు కింద పడవ. కింద ఎంత ఊగినా పైన కదలకూడదు. మీరు భయపడి ఒళ్లంతా బిగపట్టి కర్రలా కూర్చుంటారు, అప్పుడు పడవ ఒరిగితే మీ తల కూడా దానితోపాటే వెళ్తుంది.

చూపు నీటి మీద పెట్టకండి. ఎదురుగా గట్టు మీద ఉన్న చెట్టు మీద పెట్టండి.

గట్టుమీద_గోపన్న

గట్టు మీద చెట్టు లేదు. నవ్వే పిల్లలు ఉన్నారు.

బిర్యానీ_నావికుడు

సైకిల్ నేర్చుకునేటప్పుడు క్యారియర్ మీద ఇటుకలు పేర్చుకున్నారా గోపన్న గారూ?

పిట్టకొంచెం

మగవాళ్లందరూ కలిసి బరువు అక్కరలేదని తీర్పు చెప్పేస్తున్నారు. నేను 46 కిలోలు. మా వారి కోసం కొన్న కయాక్‌లో కూర్చుంటే ఖాళీ డబ్బాలో గోలీలా ఉంటాను. పడవ నీటిలో దిగదు, గోడలా పైకి నిలబడి ఉంటుంది. ఏ మాత్రం గాలి వీచినా ముక్కు గాలి వచ్చే వైపు తిరిగిపోతుంది. తెడ్డు ఒక వైపే వేసి వేసి భుజం పట్టేస్తుంది.

నేను లీటరు నీళ్ల సీసాలు పన్నెండు వేసుకుంటాను. ఏడు సీటు వెనక, ఐదు కాళ్ల ముందు, అన్నీ పడవ పొడవునా నడిమధ్య గీత మీద పడుకోబెట్టి. కొంచెం వెనకకే ఎక్కువ వేస్తాను. ముందు బరువు ఎక్కువైతే తోక తేలికై గాలికి ఇంకా తిరుగుతుంది. ఇవి వేసుకున్న రోజున గాలిని తిట్టుకోకుండా ఇంటికి వస్తాను. మాస్టారి లెక్క ప్రకారం నాకు లాభం కొంచెమే కావచ్చు, నా భుజం లెక్క వేరు.

లెక్కల_మాస్టారు

అమ్మా, మీ విషయంలో నేను పూర్తిగా మీ వైపే. పెద్ద మనిషి కోసం చేసిన పడవలో చిన్న మనిషి కూర్చున్నప్పుడు బ్యాలస్ట్ న్యాయమైన వైద్యం. గాలికి తగిలే గోడ తగ్గుతుంది, తోక నీటిని పట్టుకుంటుంది. గోపన్న గారు 88 కిలోలు, ఆయన పడవకు ఆయనే బ్యాలస్ట్. చోటే తప్పు.

వికారాబాద్_వాన

పిట్టకొంచెం గారూ, సీసాలు దేనితో కట్టారు? మా దగ్గర ప్లాస్టిక్ తాడు జారిపోతోంది.

పిట్టకొంచెం

సామాను బిగించే బకిల్ పట్టీ. లోపల సీటు బోల్టులకు రెండు కొక్కేలు వేయించాను. పట్టీ బిగించాక సీసాలకూ పడవ గోడకూ మధ్య ఉన్న సందులో పాత యోగా చాప కోసిన ముక్కలు దోపుతాను. సీసాలు నిండుగా, గాలి బుడగ లేకుండా నింపాలి. ఒకసారి ఐదు లీటర్ల క్యాను సగమే నింపి తీసుకెళ్లాను, లోపల నీళ్లు ఒరిగిన వైపే పరుగెత్తుతుంటే కడుపులో తిప్పింది.

చిల్లుకుండ

లోపల నీళ్లు పరుగెత్తడం గురించి నా దగ్గర అడగండి.

నాది పైన కూర్చునే రకం, లోపలంతా మూసి ఉన్న డొల్ల. పొద్దున్నే ఎక్కితే చక్కగా ఉండేది. పదింటికి కాస్త ఊగేది. పదకొండున్నరకు తాగినవాడిలా తూలేది. అలసట వల్ల నాకే తూకం తప్పుతోందని రెండు నెలలు అనుకున్నాను. అరటిపండ్లు తిన్నాను, నిద్ర పెంచాను, చివరికి డాక్టరు దగ్గర చెవులు కూడా చూపించుకున్నాను.

ఒకరోజు ఒడ్డున ఎత్తబోతే లేవలేదు. తోక దగ్గర మూత విప్పితే నీళ్లు, నీళ్లు, నీళ్లు. రెండు బకెట్లకు పైనే. సీటు కింద నీరు దిగిపోవడానికి పెట్టిన గొట్టం దగ్గర వెంట్రుకంత పగులు ఉంది. కడుపులో నీళ్లు అటూ ఇటూ దొర్లుతూ ప్రతి ఊపునూ రెట్టింపు చేస్తున్నాయి. మాస్టారి లెక్కలో నీటిమట్టానికి కింద ఉన్న బరువు మేలు చేయాలి కదా! కట్టని బరువు కింద ఉన్నా పైన ఉన్నా ఒకటేనని నాకు చెవుల డాక్టరు ఫీజుతో తెలిసింది.

గోపన్న గారూ, పాత పడవ అన్నారు కదా. ముందు ఒడ్డున పెట్టి రెండు బకెట్లు నీళ్లు లోపల పోసి, బయట ఎక్కడైనా చెమ్మ వస్తుందేమో చూడండి.

గట్టుమీద_గోపన్న

చూశాను, ఇప్పుడే. చెమ్మ లేదు. మా నాన్నగారు వాకిట్లో పడవ కడుపులో నీళ్లు పోస్తున్న నన్ను చూసి ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు.

తొమ్మిదో_వరుస

ఇంటర్మీడియట్ రోజుల్లో రేసు కయాక్ మీద శిక్షణ తీసుకున్నాను. ఒక్కరే నడిపే ఆ పడవ ఐదు మీటర్లకు పైగా పొడవు, వెడల్పు చూస్తే నడుము పట్టడమే గొప్ప. దానితో పోలిస్తే గోపన్న గారి కయాక్ మంచం లాంటిది. మొదటి నెల మా శిక్షకుడు సీటు తీసేసి అడుగునే కూర్చోబెట్టేవారు. మెల్లగా ఒక్కో సెంటీమీటరు పెంచుతూ వెళ్లేవారు. పైకి లేస్తే తెడ్డుకు బలం వస్తుంది, కుదురు పోతుంది. రెండింటిలో ముందు ఏది కావాలో ఆయనకు బాగా తెలుసు.

రేసు పడవల్లో కూడా బరువు అతికిస్తారు, కుదురు కోసం కాదు. కనీసం 12 కిలోలు ఉండాలని పోటీ నియమం. తక్కువ తూగిన పడవకు తూకం దగ్గర బరువు కలపాల్సిందే.

కొల్లేటి_కొంగ

మీ కయాక్‌లు నాకు తెలియవు. మాది కొల్లేరు పక్క ఊరు. చిన్నప్పుడు మాకు తాటి దోనె ఉండేది. తాటి మొద్దును నిలువునా చీల్చి, లోపల తొలిచి చేసేవారు. పక్కలు చూస్తే మూరెడు లేవు, అడుగు గుండ్రం. అందులో నిలబడి గెడ వేసే మా తాతను చూస్తే ఇప్పటికీ నాకు ఆశ్చర్యం.

కొత్తగా ఎక్కిన ప్రతివాడికీ ఆయన చెప్పేది ఒకటే మాట, "అడుగున కూర్చో". పీట వేసుకుంటానంటే ఒప్పుకునేవాడు కాదు. ఒకసారి పట్నం నుంచి వచ్చిన మా పెదనాన్న, పంచె తడుస్తుందని, నాలుగు కాళ్ల పీట వేసుకుని దొరలా కూర్చున్నాడు. తాత ఏమీ అనలేదు. గెడ ఒక్కసారి వేశాడు. పెదనాన్న, పీట, పంచె, చేతిలో పొగాకు చుట్ట అన్నీ గుర్రపుడెక్కలోకి వెళ్లాయి. దోనె మాత్రం నీటి మీదే ఉంది, తాత దాని మీదే ఉన్నాడు.

గడ్డి కోసుకుని వచ్చేటప్పుడు కూడా అంతే. తడి గడ్డి కింద, ఎండు గడ్డి పైన. ఎంత మోపు ఉన్నా మోకాలి ఎత్తు దాటనిచ్చేవాడు కాదు. మాస్టారి లెక్క ఆయనకు తెలియదు గానీ తడి గడ్డి ఎక్కడ ఉండాలో తెలుసు.

లెక్కల_మాస్టారు

కొంగ గారూ, పెదనాన్నగారి పీట ఎత్తు ఎంత?

కొల్లేటి_కొంగ

జానెడు ఉంటుంది.

గట్టుమీద_గోపన్న

పీట అన్నాక గుర్తొచ్చింది. ఒక సంగతి మొదట్లో చెప్పడం మరిచాను. మాస్టారు సీటు ఎత్తు అడిగారు, కంపెనీ సీటే కదా అని నేను పట్టించుకోలేదు. కానీ దాని మీద ఒక దిండు వేసుకుంటున్నాను. నాకు నడుము నొప్పి ఉంది. కారులో వాడే స్పాంజి దిండు, రెండు అట్టలు కలిపి కుట్టించినది. విడిగా అయితే పది సెంటీమీటర్లు ఉంటుంది, కూర్చుంటే ఆరు దాకా అణుగుతుంది.

బిర్యానీ_నావికుడు

పెదనాన్న దొరికారు.

రుషికొండ_కెరటం

మూడు రోజులుగా ఇక్కడ సముద్రాలు, గురుత్వ కేంద్రాలు, చెవుల డాక్టర్లు. ఇప్పుడు దిండు!

లెక్కల_మాస్టారు

కోపం వద్దు, అందరం మరిచేదే. లెక్క చూడండి. 88ని 6తో గుణిస్తే 528. ఇసుక సంచి ఇచ్చేది 120. దిండు చేసిన నష్టాన్ని ఇసుకతో పూడ్చాలంటే 66 కిలోల ఇసుక కావాలి. అంత వేస్తే పడవ నీటిలోకి బాగా దిగిపోతుంది.

సియాటిల్_చినుకు

నడుము నొప్పికి ఎత్తు కాదు, వెనక ఆనిక కావాలి. దిండు తీసి, వీపు పట్టీని నిటారుగా బిగించండి. అడుగున పలుచని చాప ముక్క చాలు. కాళ్లు ఆనించే పెడళ్లు ఉన్నాయా? అరికాళ్లు వాటికి ఆని, మోకాళ్లు కొంచెం వంగి, పక్కలకు విచ్చుకుని పైకప్పు లోపలి అంచుకు తగలాలి. అప్పుడే పడవ మీ ఒంటికి అతుకుతుంది. కాళ్లు బారజాపి కూర్చుంటే తొడ వెనక నరం లాగి నడుము ఇంకా నొప్పెడుతుంది.

గట్టుమీద_గోపన్న

పెడళ్లు ఉన్నాయి. నా కంటే పొట్టివాడైన స్నేహితుడి కొలతకే ఉన్నాయి, అందుకని వాటిని పట్టించుకోకుండా కాళ్లు వాటి మీదుగా చాపుకుంటున్నాను.

రుషికొండ_కెరటం

గోపన్న గారూ, ఇంకా ఏమైనా చెప్పడం మరిచారా? లంగరు దించి ఉంచారా?

నిర్వాహకుడు

చర్చ సరదాగా సాగుతోంది, సంతోషం. కొత్తగా చదివేవారి కోసం ఒక్క మాట: బరువు వేసినా వేయకపోయినా లైఫ్ జాకెట్ లేకుండా దిగవద్దు, ఒంటరిగా దిగవద్దు. బ్యాలస్ట్ ప్రయోగాలు చేసేవారు మొదటిసారి నడుము లోతు నీళ్లలోనే, కావాలని బోల్తా కొట్టి చూసుకోండి. బరువు వేసిన పడవలోంచి నీళ్లు తోడి మళ్లీ ఎక్కడం ఎంత కష్టమో అక్కడే తెలియాలి.

పట్టాలపక్క_ఇల్లు

అయితే కంకర లారీ వద్దా?

పిట్టకొంచెం

పక్కకు రెండు తేలే బుడగలు అమ్ముతారు కదా, పొడవాటి కర్రకు తగిలించినవి, వాటి గురించి ఎవరూ మాట్లాడలేదే? మా అబ్బాయికి అవి కొందామనుకుంటున్నాను.

లెక్కల_మాస్టారు

మొదట చెప్పానే, వెడల్పు ఘనంగా పనిచేస్తుందని. పక్క తేలుబుడగలు అదే పని చేస్తాయి, ఎంత దూరంగా ఉంటే అంత బలం. పిల్లలకు, చేపలు పట్టేవారికి మంచివే. తెడ్డుకు అడ్డం రాకుండా సీటు వెనక తగిలించాలి. నీటికి తగిలీ తగలనట్టు ఉండాలి, ఎప్పుడూ మునిగి ఉంటే బ్రేకు వేసినట్టే. ఒక్క ఇబ్బంది ఉంది, వాటితో నేర్చుకున్నవాళ్లు అవి తీసేశాక మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి.

వికారాబాద్_వాన

గోపన్న గారూ, దిండు తీసిన తర్వాత కూడా ఒక పది లీటర్లు నీళ్లు వేసి చూడండి. నా మాట కూడా నిలబెట్టండి.

గట్టుమీద_గోపన్న

ఆదివారం వెళ్లి వచ్చాను.

దిండు తీశాను. పెడళ్లు నా కొలతకు జరిపాను, తుప్పు పట్టి ఉన్నాయి, కొబ్బరినూనె పోసి సుత్తితో కొడితే కదిలాయి. అడుగున చాప ముక్క, వీపు వెనక చుట్టిన తువ్వాలు. కూర్చోగానే మొదట తెలిసింది, చెరువు ఎత్తుగా కనిపించింది. ఇంతకాలం పైనుంచి చూసేవాణ్ని. అంచు మీదుగా చేయి కిందికి దించితే మణికట్టు దాకా నీళ్లు తగిలాయి. ఊగింది గానీ, వెనకటి వణుకు కాదు, ఉయ్యాలలా ఒకసారి వెళ్లి వచ్చింది. మోకాళ్లతో అంచును నొక్కితే పడవ నా మాట వినడం కూడా మొదలుపెట్టింది.

తూము దాకా వెళ్లి తిరిగి వచ్చాను. నడుము నొప్పి కాస్త ఉంది, దిండు ఉన్నప్పటి కంటే ఎక్కువేమీ కాదు. ఒక్కసారే పడ్డాను, అది కూడా గట్టు మీద పిల్లలకు చేయి ఊపుతూ. వాళ్లు చాలా సేపటి నుంచి దిగులుగా కూర్చున్నారు, పాపం.

వాన గారి కోసం రెండో చుట్టుకు లీటరు సీసాలు పది నిండుగా నింపి, పట్టీ బిగించి వేశాను. తేడా ఉంది, అబద్ధం చెప్పను. దిండు తీసినప్పుడు తెలిసినంత కాదు. ఒడ్డున పడవ ఎత్తేటప్పుడు మాత్రం చాలా బాగా తెలిసింది, సీసాలు తీయడం మరిచాను.

వికారాబాద్_వాన

తేడా ఉందన్నారు. అందరూ చదువుకోండి.

కొల్లేటి_కొంగ

ఆ దిండు ఏం చేశారు?

గట్టుమీద_గోపన్న

గట్టు మీద పెట్టి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి పిల్లలలో పెద్దవాడు దాని మీద కూర్చుని చూస్తున్నాడు.